గాలికి తెలిసే తప్పు

కొత్తగా కొన్న వూఫరును పెట్టెలో బిగించకుండా, ఊరికే చేత్తో పట్టుకుని పాట పెట్టి చూడండి. ఎంత మంచి కంపెనీదైనా పీలగా పలుకుతుంది. గొంతు వినిపిస్తుంది, వయొలిన్ వినిపిస్తుంది, మృదంగం కుడివైపు దెబ్బలు స్పష్టంగా వినిపిస్తాయి. ఎడమవైపు తొప్పి మాత్రం మాయమైపోతుంది. స్పీకరు చెడిపోయిందేమో అనుకుంటాం. చెడిపోలేదు. దాని కోను ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనకగాలి పలచబడుతుంది. పై స్వరాల అలలు పొట్టివి కనుక నేరుగా ముందుకు వెళ్లిపోతాయి. కింది స్వరాల అలలు అలా కాదు. సెకనుకు 50 సార్లు ఊగే ధ్వని అల దాదాపు 7 మీటర్ల పొడుగుంటుంది. అంత పొడుగు అలకు ఆరున్నర అంగుళాల స్పీకరు అడ్డమే కాదు. వెనక పుట్టిన అల చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ముందు అలతో కలిసి, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

ఆ రెండూ కలవకుండా మధ్యన కట్టిన గోడే స్పీకరు పెట్టె. ఆరు పలకలు, జిగురు, కొన్ని స్క్రూలు. చూడటానికి చిన్న బీరువాలా ఉంటుంది కనుక దాన్ని చేయడం మొదలుపెట్టినవాళ్లందరూ అది చెక్కపని అనే అనుకుంటారు. చెక్కపనే, కాదనను. కానీ అందులో బట్టలు పెట్టుకోం, పుస్తకాలు పెట్టుకోం. అందులో ఉండేది గాలి ఒక్కటే. ఈ సంగతి మరిచిపోతే, ఇంట్లో స్వయంగా పెట్టె చేసుకునేవాళ్లకు తప్పకుండా ఎదురయ్యే కోత తప్పుల్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. పెద్ద తప్పును వదిలేసి చిన్నదానికి దిగులుపడతారు. మా మేనల్లుడు నోయిడాలో తన రెండు పెట్టెల ముక్కల మధ్య కూర్చుని పడిన దిగులు అలాంటిదే.

వాడి సంగతికి వచ్చే ముందు, ఒక కుర్రవాడు ఇంట్లో కూర్చుని స్పీకరు పెట్టె చేయాలని ఎలా అనుకోగలుగుతున్నాడో చెప్పాలి. ఈనాటి కదిలే తీగచుట్ట స్పీకరుకు రూపం ఇచ్చినది 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు. వెనక అలను పూర్తిగా బంధించి పారేయకుండా, పెట్టెకు ఒక గొట్టం పెట్టి దాన్ని కూడా పనికి వాడుకోవచ్చని బెల్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ థురాస్ చూపించాడు. ఆ పేటెంటు 1932 నాటిది. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలో లోపలి గాలే స్ప్రింగులా పనిచేస్తుందని 1954లో ఎడ్గర్ విల్చర్ నిరూపించాడు. అయినా అప్పటికింకా పెట్టె కొలతలు చాలావరకు అనుభవం మీద, ఊహ మీద నడిచేవి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని లెక్కగా మార్చారు. ఫలానా స్పీకరుకు ఇన్ని లీటర్ల పెట్టె, ఇంత వెడల్పు గొట్టం, ఇంత పొడుగు అని ముందే చెప్పగలిగే లెక్క. ఈ రోజు స్పీకరు కొంటే దానితో పాటు వచ్చే కాగితం మీద ఉండే అంకెలు వాళ్లిద్దరి పుణ్యమే. ఆ అంకెల్ని కంప్యూటరులో వేస్తే చాలు, పెట్టె కొలత వచ్చేస్తుంది.

ఢిల్లీలో ఈ పని చేయాలనుకున్నవాళ్లకు రెండు చోట్లు తప్పనిసరి. ఒకటి ఎర్రకోట ఎదురుగా ఉన్న లజపతరాయ్ మార్కెట్. దేశ విభజనలో ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకుని వచ్చినవాళ్ల కోసం ఏర్పడిన బజారు అది. ఇరుకు సందుల్లో వూఫర్లు, ట్వీటర్లు, జాలీలు, వైర్లు బిగించే టెర్మినళ్లు, తోలుగుడ్డ చుట్టలు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ తెలిసినవాళ్లకు అక్కడ దారి ఎవరూ చెప్పక్కర్లేదు, చూపే దారి చెబుతుంది. మన ఊళ్లలో పెళ్లి పందిట్లో, శ్రీరామనవమి చలువ పందిట్లో మైక్‌సెట్టు వాళ్ల ఆంప్లిఫయరు మీద కనిపించే ఆహూజా అనే పేరు కూడా ఢిల్లీదే. 1940 నుంచి ఉన్న సంస్థ. చిన్నప్పుడు వేపచెట్టుకు కట్టిన ఆ హారన్లలోంచి పాట విన్నవాడికి, ఆ పేరు పుట్టిన ఊళ్లో తిరుగుతుంటే ఒక దగ్గరితనం అనిపిస్తుంది.

రెండోది కీర్తి నగర్. మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే ఫర్నిచరు దుకాణాలు, వాటి వెనక కలప అడితీలు, ప్లైవుడ్ గోదాములు. ఢిల్లీకి వచ్చే ప్లైవుడ్‌లో చాలా భాగం సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, హర్యానాలో ఉన్న యమునానగర్ నుంచి వస్తుంది. అక్కడి రైతులు గోధుమ చేల గట్ల మీద, చేలల్లో పోప్లార్ చెట్లూ, మనం జామాయిల్ అనే చెట్లూ పెంచుతారు. ఆ మానుల్ని పలచగా పొరలుపొరలుగా ఒలిచి, ఒక పొర నిలువుగా, దాని మీది పొర అడ్డంగా పేర్చి, జిగురుతో వేడిమీద నొక్కితే ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు రేకు తయారవుతుంది. పొరలు అడ్డదిడ్డంగా ఉండటమే దాని బలం. చెక్కను శ్రావణంలో ఉబ్బించి, వైశాఖంలో లూ అనే వడగాలితో ముడుచుకుపోయేలా చేసే ఢిల్లీ వాతావరణాన్ని అచ్చమైన చెక్క కంటే ప్లైవుడ్ బాగా తట్టుకుంటుంది.

మా వాడు గీసుకున్న పెట్టె బయటి కొలతలు 380 మిల్లీమీటర్ల ఎత్తు, 230 వెడల్పు, 300 లోతు. పలక మందం 18 తీసేస్తే లోపల 344, 194, 264. అంటే దాదాపు 17.6 లీటర్ల గాలి. ఐదు సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం, పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడుగు. ఇంట్లో పెద్ద రంపం లేదు కనుక ముక్కల్ని బయటే కోయించి ఆటోలో తెచ్చుకున్నాడు. నేల మీద పరిచి కొలిస్తే, ఒక పెట్టె పక్క పలకలు రెండూ లోతులో 4 మిల్లీమీటర్లు తక్కువ. ఇది రంపం తిన్న చెక్క. రంపపు బిళ్ల దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ప్రతి కోతకూ అంత చెక్క పొట్టుగా రాలిపోతుంది. ముక్కలన్నిటినీ రేకు మీద పక్కపక్కనే గీసి, గీత మీదే కోస్తే ఎవరి వాటాలోంచో అది పోవాలి కదా. కొలతలిచ్చినవాడు కోసేవాళ్లు చూసుకుంటారనుకున్నాడు, కోసినవాళ్లు ఇచ్చినవాడు లెక్క వేసుకునే ఉంటాడనుకున్నారు. దానికి తోడు, 18 అని అమ్మే రేకు అన్నిసార్లూ 18 ఉండదు. కొలబద్ద పెట్టి చూస్తే 17 చిల్లర తేలుతుంది. అదీ లెక్కలో కలవాలి.

రెండో తప్పు ఇంట్లోనే జరిగింది. ముందు పలకలో వూఫరు కోసం గుండ్రటి రంధ్రం జిగ్‌సాతో కోస్తుంటే బిళ్ల వంగి ఒకవైపు గీత దాటింది. ఆ బిళ్ల సన్నం, పొడుగు. వంపు తిరిగేచోట తొందరపెడితే పైన గీత మీదే ఉంటుంది, కింద పక్కకు వెళ్లిపోతుంది. మూడో తప్పును వాడు తప్పుగా లెక్కపెట్టనే లేదు: వెనక పలక అంచు రంపంలో కాస్త అలలుగా తెగింది. నిలబెట్టి చూస్తే పక్క పలకకూ దానికీ మధ్య గోరంత కూడా కాదు, గీతంత సందు.

“మావయ్యా, ఇవన్నీ తీసేసి కొత్త రేకు కొంటాను,” అన్నాడు. ఎన్‌సీఆర్ జీవితం అలవాటు చేసిన మాట అది. ఫోనులో వేలితో ఒత్తితే సాయంత్రానికి కొత్తది గుమ్మంలో ఉంటుంది. సరిచేయడం అనే పని మన రోజుల్లోంచి మెల్లమెల్లగా జారిపోయింది. నాకు దాని మీద ఉన్న ప్రేమ పొదుపు వల్ల మాత్రమే కాదు. కొత్త రేకు కొనేవాడు ఆ వస్తువు గురించి కొత్తగా ఏమీ నేర్చుకోడు. సరిచేసేవాడు ప్రతి తప్పునూ ఎత్తి పట్టుకుని, నువ్వు ఎవరికి అడ్డం అని అడగాలి. కంటికా, చేతికా, గాలికా?

మొదటి తప్పును అలా అడిగి చూద్దాం. లోతు 264 బదులు 260 అయితే లోపలి గాలి 17.6 లీటర్ల నుంచి 17.35 లీటర్లకు తగ్గుతుంది. ఒకటిన్నర శాతం. గొట్టమున్న పెట్టె ఏ స్వరం దగ్గర పలుకుతుందన్నది గాలి పరిమాణపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక, సెకనుకు 50 ఊపుల దగ్గర పలకాల్సింది 50.4 దగ్గర పలుకుతుంది. ఎంత చెవి ఉన్న సంగీత విద్వాంసుడైనా దాన్ని పట్టుకోలేడు. పట్టుకున్నా, గొట్టాన్ని 2 మిల్లీమీటర్లు పొడుగు చేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. రాత్రంతా నిద్రపట్టనివ్వని తప్పుకు మందు గొట్టంలో 2 మిల్లీమీటర్లు!

ఇప్పుడు మూడో తప్పు. మిల్లీమీటరు సందు, 30 సెంటీమీటర్ల పొడుగు. గుణిస్తే 3 చదరపు సెంటీమీటర్లు. పెట్టెకు మనం కావాలని పెట్టిన గొట్టం నోరు మొత్తం 19.6 చదరపు సెంటీమీటర్లు. అంటే కన్ను గీత అనుకుని దాటేసినది, గొట్టంలో సుమారు 15 శాతం ఉన్న రెండో నోరు. పైగా పొడుగు లేని నోరు, సన్నటి నోరు. కింది స్వరం వచ్చిన ప్రతిసారీ లోపలి గాలి అందులోంచి బుసకొడుతూ పోతుంది. తబలా బాయాలో ఉండే గుమ్మనే నాదం తగ్గి, దాని స్థానంలో ఒక ఊపిరి చప్పుడు చేరుతుంది. చాలామంది ఇళ్లలో చేసుకున్న పెట్టెలు విని, బాస్ సరిగ్గా రాలేదు, స్పీకరు మంచిది కాదు అని తేల్చేస్తారు. స్పీకరు మంచిదే. సందు మూయలేదు. గాలి దగ్గర 4 మిల్లీమీటర్ల పొట్టితనానికి క్షమాపణ ఉంది, ఒక్క మిల్లీమీటరు సందుకు లేదు. కంటికి ఇది సరిగ్గా తిరగబడి కనిపిస్తుంది.

సందు మూయడంలోనూ పద్ధతి ఉంది. పెట్టె బిగించే ముందు అలల అంచును చిత్రిక పట్టి తిన్నగా చేయగలిగితే అంతకంటే మంచిది లేదు. కుదరకపోతే, అదే ప్లైవుడ్ కోసినప్పుడు రాలిన మెత్తటి రంపపు పొట్టును తెల్ల జిగురుతో ముద్దగా కలిపి సందులోకి కత్తితో దిగనొక్కాలి. మనవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. కృష్ణా తీరాన కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసేవాళ్లు చేతులు, తలలు, ఏనుగు తొండాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కీళ్ల దగ్గర ఒంపులు దిద్దేది కూడా ఆ మక్కుతోనే. అక్కడ చేయడం ఎక్కడ ఆగి సరిచేయడం ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేం. రెండింటికీ ఒకటే ముద్ద. నోయిడా ఫ్లాటు బాల్కనీలో పొట్టూ ఫెవికాలూ కలుపుతున్న కుర్రవాడికి ఆ సంగతి చెప్పాలనిపించి చెప్పాను. వాళ్ల అమ్మమ్మ దసరా బొమ్మల కొలువులో దశావతారాలు వాడు చూసినవాడే.

అయితే ముద్దకు ఒక హద్దుంది. సందు రెండు మిల్లీమీటర్లు దాటితే ముద్ద పనికిరాదు. ఆరినప్పుడు కుంచించుకుపోతుంది, లోపల బీటలిస్తుంది. అప్పుడు చెక్కనే సన్నటి చీలికగా చెక్కి, జిగురు పూసి, సందులోకి సుత్తితో మెల్లగా దించాలి. ఆరాక పైకి మిగిలినది ఉలితో తీసేయాలి. లోపలివైపు మూలల వెంట చిన్న బద్దలు అతికిస్తే ఆ మూల గట్టిపడుతుంది, సందు రెండోసారి మూసుకుంటుంది. ఢిల్లీలో ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. పౌషమాసపు చలిలో, పది డిగ్రీల లోపు, తెల్ల జిగురు సరిగ్గా పట్టదు. ఆరాక పారదర్శకంగా ఉండాల్సింది సుద్దలా తెల్లబడి, గోటితో గీస్తే రాలుతుంది. జనవరిలో పని చేసేవాళ్లు మధ్యాహ్నం ఎండ చూసుకుని డాబా మీద అతికించి, రాత్రికి పెట్టెను లోపలికి తెచ్చుకోవాలి.

రెండో తప్పు, పక్కకు పోయిన రంధ్రం, చేతికి సంబంధించినది. ఆరున్నర అంగుళాల వూఫరు చట్రం రంధ్రం మీద చుట్టూ పది మిల్లీమీటర్ల లోపే ఆనుతుంది, అందులోనే స్క్రూలు దిగాలి. ఒకవైపు 5 మిల్లీమీటర్లు పోతే స్క్రూకు పట్టుకోవడానికి చెక్క ఉండదు. బరువైన అయస్కాంతం వెనక వేలాడుతుంటుంది కనుక నాలుగు నెలలకు చట్రం వదులై కొట్టుకుంటుంది. దీనికి ముద్ద పెట్టడం తనను తాను మోసం చేసుకోవడం. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో సరైన కొలత రంధ్రంతో ఒక కంకణం కోసి, పలక వెనకవైపు జిగురుతో, స్క్రూలతో బిగించాలి. అప్పుడు స్క్రూలు కొత్త చెక్కలో దిగుతాయి. ముందు పలకలో మిగిలిన నెలవంక ఆకారపు ఖాళీని చెక్క చీలికతో నింపాలి. ఒక్కటి మరిచిపోకూడదు: కంకణం వల్ల రంధ్రం లోతవుతుంది, కోను వెనక గాలి ఆ సొరంగంలో ఇరుక్కుంటుంది. కనుక కంకణం లోపలి అంచును ఆకురాయితో ఏటవాలుగా తీసేయాలి. ఈ కంకణం వల్ల ముందు పలక మధ్యభాగం మందమై, మొదటికంటే గట్టిపడుతుంది కూడా.

ఆ గట్టిదనం ఎందుకు కావాలో చెప్పాలంటే వీణ దాకా వెళ్లాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనస మానులోంచి ఏకాండి వీణ చెక్కుతాయి. కుండ, దండి అన్నీ ఒకే చెక్క. అక్కడ ఉలి లోతుగా దిగితే వెనక్కి తీసుకునే దారి చాలా ఇరుకు. ఎందుకంటే ఆ గోడలు పాడాలి. తీగ మీది కదలికను అందుకుని చెక్క తన గొంతు కలపాలి, ఆ గొంతు కోసమే పనస. ఢిల్లీలో సితార్లు చేసేవాళ్లకూ అంతే. లాహోరులో మొదలై విభజన తర్వాత కన్నాట్ ప్లేసుకు చేరిన రిఖీరామ్ దుకాణం కిటికీలో తళతళలాడే తుంబాలు పాడటానికే ఉన్నాయి. స్పీకరు పెట్టె పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. వీణ ఎప్పుడో పాడేసింది, అది రికార్డయింది. ఇప్పుడు చెక్క తన గొంతు కలిపితే అది అబద్ధం అవుతుంది. పెట్టె గోడ నోరు మూసుకోవాలి. అందుకే మందపు పలకలు, లోపల అడ్డబద్దలు, దూది, ఉన్ని. అందుకే చవక ప్లైవుడ్‌లో పొరల మధ్య దాగిన ఖాళీలు అంత ప్రమాదం. వేలి కణుపుతో కొడుతూ వెళితే ఒకచోట శబ్దం డొల్లగా మారుతుంది. అక్కడ సన్నటి రంధ్రం పెట్టి సిరంజితో జిగురు ఎక్కించి, మీద బరువు పెట్టాలి. ఇది ఎవరూ కోయని తప్పు, రేకుతో పాటే వచ్చేది. వినగలిగితేనే దొరుకుతుంది.

కంటికి మాత్రమే సంబంధించిన తప్పులూ ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడను. ప్లైవుడ్ అంచులో పై పొర పెచ్చులూడటం అందులో మొదటిది. అమెరికాలో హ్యారీ ఓల్సన్ 1951లో రకరకాల ఆకారాల పెట్టెలు కొలిచి, పదునైన అంచుల దగ్గర ధ్వని విరిగి గజిబిజి అవుతుందని, గుండ్రటి అంచులు మేలని చూపించాడు. పెచ్చులూడిన ముందు అంచును చిత్రికతో గుండ్రం చేస్తే పెచ్చు పోతుంది, పాటకూ మేలు జరుగుతుంది. అలా కంటి కోసం చేసినది చెవికీ పనికొచ్చినప్పుడు కలిగే సంతోషం ప్రత్యేకమైనది. మిగతావాటికి లప్పం పెట్టి, పైన సన్మైకా అతికించేస్తే ఏ తప్పూ కనిపించదు. కానీ లోపలి సందు మూయకుండా పైన సన్మైకా అతికించిన పెట్టెలు బజార్లో చాలా చూశాను. కన్ను తృప్తిపడగానే చెయ్యి ఆగిపోవడం వల్ల వచ్చిన పెట్టెలవి. నాకు వరస ముఖ్యం: ముందు గాలికి, తర్వాత చేతికి, ఆఖరున కంటికి.

పెట్టె అతికించేటప్పుడు మూలమట్టం పెట్టి చూస్తే చాలదు. ఇల్లు కట్టే మేస్త్రీలు పునాది గీసేటప్పుడు చేసినట్టు మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ సమానమైతే పెట్టె తిన్నగా ఉన్నట్టు. పొడుగ్గా ఉన్న కర్ణం వైపు, జిగురు తడిగా ఉండగానే, తాడు చుట్టి కర్రతో మెలిపెడితే పెట్టె మెల్లగా చోటుకొస్తుంది. ఆరాక ఇక రాదు. చివరి పరీక్ష కూడా ఇంట్లో ఉన్న వస్తువులతోనే. సెకనుకు 30 సార్లు ఊగే మంద్రమైన మోత పెట్టి, అగరువత్తి వెలిగించి, అతుకుల వెంట నెమ్మదిగా నడిపించాలి. పొగ తిన్నగా లేస్తే అక్కడ సందు లేదు. వణికితే ఉంది.

ఇక మొదటి తప్పుకు, ఆ 4 మిల్లీమీటర్లకు తిరిగి వస్తాను, ఎందుకంటే గాలి దాన్ని క్షమించినా చెక్క క్షమించలేదు. పక్క పలకలు 260, పై పలకా కింది పలకా 264. బిగిస్తే వెనక 4 మిల్లీమీటర్ల మెట్టు వస్తుంది. మా వాడి ఆలోచన పొట్టి పలకల అంచుకు 4 మిల్లీమీటర్ల బద్ద అతికించడం. చెడ్డ ఆలోచన కాదు. కానీ ప్రతి పలకకూ పొడుగునా ఒక కొత్త అతుకు, ప్రతి అతుకూ రేపటికి ఒక సందు. అది కూడా వానాకాలంలో, తడి పీల్చిన అచ్చపు చెక్క బద్దతో. వేసవికి అది ముడుచుకోక మానదు.

వాళ్ల సొసైటీలో కిచెన్ పని చేస్తున్న సహారన్‌పూర్ వైపు మిస్త్రీగారు ఒకాయన టీ తాగడానికి ఆగి, ముక్కలన్నిటినీ ఒకసారి నిలబెట్టి చూసి, “సబ్ బరాబర్ కర్ దో” అన్నారు. అన్నీ సమానం చేసెయ్యి. పొట్టివాటిని పెంచకు, పొడుగువాటిని తగ్గించు. తెలంగాణ వాడికి బరాబర్ అనే మాటకు అర్థం చెప్పక్కర్లేదు. మా వాడికి వెంటనే తలకెక్కింది. కానీ చేతికెక్కడానికి టైము పట్టింది. ఆ పెట్టె పై పలకను, కింది పలకను తగ్గిస్తే సరిపోదు. స్టీరియోలో రెండు పెట్టెలు ఒకేలా పలికితేనే పాడేవాళ్ల గొంతు సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. ఒకదాంట్లో గాలి తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ ఉండటం ఎందుకు? తేడా ఎంత చిన్నదైనా, ఒకే గదిలో పక్కపక్కన ఉండే రెండింటికీ లెక్క ఒకటే ఉండటం మంచిది. అంటే ఏ తప్పూ లేని రెండో పెట్టె పలకల్ని, నాలుగింటినీ, 4 మిల్లీమీటర్లు కోయాలి.

“బాగున్నవాటిని ఎలా కొయ్యను మావయ్యా?”

నేనేమీ అనలేదు. మిస్త్రీగారు ఆ సాయంత్రం తన రంపం తెచ్చి, నాలుగు పలకల్నీ కలిపి ఒకే పట్టులో బిగించి, ఒక్కసారే కోశారు. విడివిడిగా కోస్తే మళ్లీ నాలుగు రకాల తేడాలొస్తాయని ఆయనకు తెలుసు. మొదటి పెట్టె పై పలకా, కింది పలకా అదే పట్టులో తెగాయి. రంపపు పొట్టును మా వాడు ఒక డబ్బాలో దాచుకున్నాడు, సందులకు కావాలి కనుక. రెండు గొట్టాలూ 2 మిల్లీమీటర్లు పొడుగు పెట్టి కోసుకున్నాడు.

డ్రాయింగులో 264 కొట్టేసి 260 రాసుకున్నాడు, గొట్టం కొలత మార్చాడు, పలకల పక్కన రంపం మందం కలిపి కొత్త కోత పట్టీ వేసుకున్నాడు. పోయిన నెల హైదరాబాదు నుంచి స్నేహితుడొకడు పెట్టె కొలతలు అడిగితే ఆ కాగితాన్నే ఫోటో తీసి పంపాడు. ఆ స్నేహితుడు కూకట్‌పల్లిలో ప్లైవుడ్ కోయించుకుంటున్నాడట, 260కే.